పొద్దున్నే టకటకమనే స్విఫ్ట్ డీజిల్: హాఫ్ ఇంజిన్‌కు ఒప్పుకునే ముందు

మీరు రాసింది రెండుసార్లు చదివాను. 2015 స్విఫ్ట్ డీజిల్, 1,30,000 కిలోమీటర్లు తిరిగింది, పోయిన ఏడాది విజయవాడలో సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పొద్దున్నే సెల్ఫ్ కొట్టగానే టక్ టక్ మని శబ్దం, రేజ్ చేస్తే పెరుగుతుంది, పది నిమిషాలు తిరిగాక చాలావరకు తగ్గిపోతుంది. గుంటూరులో ఒక గ్యారేజీ వాళ్ళు బానెట్ ఎత్తి విని "బేరింగులు పోయాయి, హాఫ్ ఇంజిన్ చేయాలి, 65,000 అవుద్ది" అన్నారు, అంటే ఇంజిన్ సగం విప్పి అరిగినవి మార్చడం. రెండోచోట "డీజిల్ బండి అన్నాక ఆ మాత్రం ఉంటుంది" అన్నారు. మూడో ఆయన ఆయిల్‌లో ఏదో డబ్బా పోయమన్నాడు. కార్తీకంలో ఇంటిల్లిపాదీ శ్రీశైలం వెళ్ళాలి, ఈ బండి మీద వెళ్ళొచ్చా అని అడిగారు. చివర్లో, దీనికి సంబంధం లేదేమో అంటూ ఇంకో ముక్క కలిపారు, సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఏసీలోంచి ఏదో కాలిన వాసన వస్తోందని.

ఆ ఆఖరి ముక్కే నాకు అన్నిటికంటే ఎక్కువ చెప్పింది. శబ్దం ఒక్కటే విని ఇంజిన్ జబ్బు చెప్పేవాళ్ళని నేను నమ్మను, నేను విజయవాడ ఆటోనగర్‌లో డీజిల్ పనే చేస్తాను కాబట్టి ఈ మాట చెప్తున్నా. టక్ టక్ మనేవి ఇంజిన్లో కనీసం ఏడెనిమిది ఉంటాయి. వాటిలో ఏదో తేల్చేది శబ్దం కాదు. అది ఎప్పుడొస్తుంది, ఎప్పుడు పోతుంది, దాంతోపాటు ఇంకేం వస్తోంది, ఈ మూడూ చూడాలి. చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ, యాక్సిలరేటర్ తొక్కితే ఎక్కువ, పైగా క్యాబిన్లో పొగ వాసన. ఈ నాలుగూ కలిస్తే నా అనుమానం ఇంజెక్టర్ (సిలిండర్లోకి డీజిల్ చిమ్మేది) కింద ఉండే రాగి వాషర్ మీదకి పోతుంది. హెడ్‌లో, అంటే సిలిండర్ల పైన బిగించే దిమ్మలో, ఇంజెక్టర్ కూర్చునే చోట గ్యాస్ లీకవుతోందని. ఇది అనుమానమే, బండి చూడకుండా ఖాయం చేయను, కానీ దీన్ని తేల్చడానికి ఇంజిన్ విప్పక్కర్లేదు, మీ ఇంటి ముందే తేలిపోతుంది.

అసలక్కడ ఏం జరుగుతుందంటే, ఇంజెక్టర్ ముక్కు హెడ్‌లో ఒక రంధ్రంలో కూర్చుంటుంది, అడుగున పలుచటి రాగి వాషర్, పైన ఒక క్లాంపు, బోల్టు. లోపల డీజిల్ మండిన ప్రతిసారీ ఆ ఒత్తిడంతా ఈ వాషరే ఆపాలి. వాషర్ ముసలిదైనా, ఇదివరకు ఎవరో ఇంజెక్టర్ తీసి పాత వాషరే మళ్ళీ వేసినా, కూర్చునే చోట మసి శుభ్రం చేయకుండా బిగించినా, కుక్కర్ గాస్కెట్ పాడైనట్టు అక్కడినుంచి గ్యాస్ పైకి తన్నుతుంది. మొదట్లో చుస్ చుస్ మని, పెరిగేకొద్దీ టక్ టక్ మని వినపడుతుంది, రోడ్డు మీద వెళ్తుంటే ఆ రెండింటికీ తేడా తెలియదు. ఇంజిన్ వేడెక్కి లోహం వ్యాకోచించాక సందు కొంత మూసుకుంటుంది, అందుకే పది నిమిషాలకి తగ్గుతుంది. బయటకొచ్చిన పొగ బానెట్ కిందే తిరుగుతుంది. బండి కదులుతున్నంతసేపూ గాలికి కొట్టుకుపోతుంది, ఆగినప్పుడు మాత్రం వైపర్ల దగ్గరున్న గాలి దారిలోంచి ఏసీ బ్లోయర్ దాన్ని లాగి మీ మొహాన కొడుతుంది. సిగ్నల్ దగ్గరే ఎందుకొస్తుందో అర్థమైంది కదా.

చూడటం ఎలాగంటే, రాత్రంతా ఆపిన బండి మీద, స్టార్ట్ చేయకముందే, ఇంజిన్ పైనున్న ప్లాస్టిక్ మూతలు, డబ్బాలు తీయించి నాలుగు ఇంజెక్టర్ల మొదట్లో టార్చి వేసి చూడండి. లీకున్న ఇంజెక్టర్ చుట్టూ నల్లగా, తారు ముద్దలా గట్టిపడిన మసి ఉంటుంది. మిగతా మూడింటి దగ్గర దుమ్మే ఉంటుంది, దీని దగ్గర తారు. అంత స్పష్టంగా లేకపోతే ఆ గుంటలో నాలుగు చుక్కలు ఇంజిన్ ఆయిల్ వేసి, అప్పుడు స్టార్ట్ చేసి చూడండి, లీకుంటే బుడగలు లేస్తాయి, ఎక్కువుంటే చిమ్ముతుంది, కాబట్టి మొహం అడ్డం పెట్టకండి. ఇంకో పని, మూడడుగుల రబ్బరు పైపు ముక్క ఒక చివర చెవి దగ్గర పెట్టుకుని రెండో చివర ఒక్కో ఇంజెక్టర్ మొదట్లో తిప్పండి. గ్యాస్ లీకైతే పైపు లోంచి చాలా గట్టిగా వినిపిస్తుంది, లోపలి లోహపు దెబ్బైతే పైపులో అంతగా రాదు.

ఇక ఆ 65,000 సంగతి. క్రాంక్ (ఇంజిన్ అడుగున తిరిగే ఇరుసు) మీద, దాన్ని పిస్టన్‌కి కలిపే కనెక్టింగ్ రాడ్ బేరింగ్ షెల్స్ అరిగితే వచ్చే దెబ్బ నడవడిక దీనికి దాదాపు తలకిందులుగా ఉంటుంది. ఆయిల్ చల్లగా చిక్కగా ఉన్నప్పుడు అరిగిన సందుని అదే నింపుతుంది కాబట్టి పొద్దున్న కాస్త మెత్తగా ఉండి, బండి బాగా వేడెక్కి ఆయిల్ పలచబడ్డాక దెబ్బ పెరుగుతుంది. శబ్దం కూడా పైనుంచి కాదు, కిందనుంచి, ధడ్ ధడ్ మని బరువుగా వస్తుంది, కాళ్ళ దగ్గర ఫ్లోర్‌లో కూడా తెలుస్తుంది. మీది వేడెక్కితే తగ్గుతోందని మీరే రాశారు. బేరింగులు పోయిన బండి మధ్యాహ్నం నిడమానూరు ట్రాఫిక్‌లో నిలబడి బాగుపడదు. సెల్ఫ్ కొట్టిన మొదటి రెండు మూడు సెకన్లు మాత్రమే బేరింగ్ మోగి ఆయిల్ ఎక్కాక ఆగిపోవడం వేరే విషయం, అది ఉంటుంది, కానీ పది నిమిషాలు మోగి తగ్గేది అది కాదు.

అయినా ఆ హాఫ్ ఇంజిన్ అన్న గ్యారేజీ వాళ్ళు చెప్పింది పూర్తిగా కొట్టిపారేయకండి, రుజువు అడగండి. రుజువు రెండు రకాలు. ఒకటి, ఆయిల్ ప్రెషర్ స్విచ్ తీసి దాని చోట మెకానికల్ గేజ్ బిగించి, ఇంజిన్ పూర్తిగా వేడెక్కాక చూడటం. ప్రతి ఇంజిన్‌కీ కంపెనీ ఇచ్చిన అంకె ఉంటుంది, అదే ప్రమాణం. మోటుగా చెప్పాలంటే స్లోలో, అంటే యాక్సిలరేటర్ తొక్కకుండా, ఒక బార్ (ఒత్తిడి కొలత) దరిదాపుల్లో, 3000 ఆర్‌పీఎం దగ్గర రెండు బార్ పైన ఉంటే కింది భాగం గురించి గాభరా పడక్కర్లేదు. డాష్‌బోర్డులో ఎర్ర ఆయిల్ లైటు వెలగట్లేదు కదా అని ధైర్యపడటం మాత్రం తప్పు, ఆ లైటు చాలా బళ్ళలో ప్రెషర్ అర బార్ కిందకి పడిపోతే తప్ప వెలగదు. అది వెలిగాక మీరు చేయగలిగింది ఇంజిన్ ఆపడమే. రెండోది, ఆయిల్ మార్చేటప్పుడు పాత ఫిల్టర్ కోసి దాని కాగితం మడతలు విప్పి వెలుతుర్లో చూడటం. రాగి రంగు, ఇత్తడి రంగు రేకులు మెరుస్తుంటే షెల్స్ అరుగుతున్నట్టే. అప్పుడు చాంబర్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) దించి ఒక్కో బేరింగ్ క్యాప్ విప్పి చూపించమనండి. ఈ రెండూ చేయకుండా, చెవితో విని హాఫ్ ఇంజిన్ అన్నవాళ్ళకి బండి అప్పజెప్పకండి. ఇంజిన్ ఒకసారి దించాక అన్నీ అరిగినట్టే కనిపిస్తాయి, లక్ష దాటిన ఇంజిన్ కదా మరి, మీ దగ్గర కాదనడానికి మాట ఉండదు.

మీది వాషర్ కాదని తేలితే, లేదా ఇంకో బండితో ఇదే చిక్కులో ఉన్నవాళ్ళు చదువుతుంటే, వాళ్ళ కోసం నేను వెళ్ళే వరస చెప్తా.

ముందు బండి నిలబెట్టి న్యూట్రల్‌లో మెల్లగా రేజ్ చేస్తాను. శబ్దం ఆర్‌పీఎంతో పాటు పెరిగితే అది ఇంజిన్ తాలూకు. నిలబెట్టినప్పుడు అసలు రాకుండా రోడ్డు మీదే వస్తుంటే ఇంజిన్‌ని వదిలేయొచ్చు, వీల్ బేరింగో, యాక్సిల్ జాయింటో, టైరు ఎగుడుదిగుడుగా అరగడమో చూసుకోవాలి. వీల్ బేరింగ్ గూ... మనే మోతకి ఇంజిన్ మౌంట్లు మార్పించుకొచ్చిన వాళ్ళని చూశాను. హైవే మీద ఎనభైలో వెళ్తూ క్లచ్ తొక్కి న్యూట్రల్‌లో పెట్టి ఒక్క క్షణం వదిలితే చాలు, ఆర్‌పీఎం పడిపోయినా మోత అలాగే ఉంటే అది చక్రాలదే. వెనక వాహనాలు లేనప్పుడు, తిన్నటి రోడ్డు మీద మాత్రమే ఇది చేయండి, వారధి మీద కాదు.

తర్వాత క్లచ్. బండి నిలబడి స్లోలో ఉండగా క్లచ్ తొక్కితే శబ్దం ఆగిపోయిందా, గేర్‌బాక్స్ ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్. తొక్కితేనే వస్తోందా, రిలీజ్ బేరింగ్. రెండింటికీ తేడా లేకపోతే మళ్ళీ ఇంజిన్‌కే రావాలి. కొన్ని డీజిల్ కార్లలో రెండు ముక్కల ఫ్లైవీల్ ఉంటుంది, అది లూజైతే ఇంజిన్ ఆపేటప్పుడు ఆఖరున గడగడమని కొట్టుకుంటుంది. అది విని క్రాంక్ పోయిందన్నవాళ్ళూ ఉన్నారు.

తర్వాత బయట తిరిగేవి. ఆల్టర్నేటర్, ఏసీ కంప్రెసర్, టెన్షనర్ పుల్లీ, ఐడ్లర్ పుల్లీ, వాటర్ పంపు, ఇవన్నీ ఒకే బెల్టు మీద తిరుగుతుంటాయి. మన దగ్గర మే నెల ఎండకి, ఏసీ ఆపకుండా నడిపే బళ్ళలో వీటి బేరింగులు తొందరగా ఎండిపోతాయి. ఏసీ ఆన్, ఆఫ్ చేసి చూడండి, శబ్దం మారితే కంప్రెసర్ వైపు వెతకండి. అసలు తేల్చే పని బెల్టు తీసేసి ఇంజిన్‌ని అర నిమిషం, మహా అయితే ఒక నిమిషం నడపడం. శబ్దం మాయమైతే ఇంజిన్ లోపల ఏమీ లేదు, ఆ పుల్లీలని చేత్తో ఒక్కోటి తిప్పి గరగరమనేది పట్టుకోవడమే. చాలా ఇంజిన్లకి వాటర్ పంపు కూడా ఆ బెల్టు మీదే ఉంటుంది, కాబట్టి చల్లటి ఇంజిన్ మీదే చేయాలి, నిమిషం దాటకూడదు. ఇంజిన్ చెడిందని నా దగ్గరికి వచ్చే బళ్ళలో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది. అప్పుడు కస్టమర్ మొహం చూడాలి, సంతోషం కంటే ఇంత చిన్నదానికా అన్న నిరుత్సాహమే ఎక్కువ కనపడుతుంది కొందరిలో.

సైలెన్సర్ పైపు మీద రేకు కవచం ఉంటుంది, వేడి తగలకుండా. దాని బోల్టు తుప్పు పట్టి ఊడితే ఒక్క ఆర్‌పీఎం దగ్గర మాత్రమే జర్‌ర్ మంటుంది, అటూ ఇటూ పోతే ఆగిపోతుంది. ఒక క్లిప్పు బిగిస్తే అయిపోయే పని. అలాగే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (హెడ్ నుంచి పొగ బయటకి తెచ్చే పైపు) గాస్కెట్ కాలితే టిక్ టిక్ మని, అచ్చం వాల్వుల దగ్గర టాపెట్ కొట్టుకునే శబ్దమే. అది కూడా చల్లగా ఉన్నప్పుడు ఎక్కువ, వేడెక్కితే తక్కువ, అది కూడా పొగ వాసన ఇస్తుంది. మీ లక్షణాలకి సరిపోయే రెండో అనుమానం ఇదే, కాబట్టి ఇంజెక్టర్ల దగ్గర తారు లేకపోతే మ్యానిఫోల్డ్ హెడ్‌కి కలిసేచోట నల్లటి మసి గీతలున్నాయేమో చూడండి.

లోపలి శబ్దమే అని తేలాక చెవిలో పెట్టుకునే స్టెతస్కోపు ఉంటే సరే, లేకపోతే పొడుగాటి స్క్రూడ్రైవర్ పిడి చెవి ఎముకకి ఆనించి మొన ఒక్కోచోట పెట్టి వినాలి. హెడ్ మూత మీద, చైన్ కవర్ మీద, చాంబర్ అంచు మీద, ఎక్కడ గట్టిగా వినపడితే జబ్బు అక్కడికి దగ్గర. తిరిగే బెల్టు పక్కన చేసే పని ఇది, లూజు చొక్కాలు, మెడలో కండువాలు, చున్నీలు వద్దు. రేడియేటర్ ఫ్యాన్ ఇంజిన్ ఆగి ఉన్నా ఉన్నట్టుండి తిరగొచ్చు, అది గుర్తుంచుకోండి.

శబ్దం సెకనుకి ఎన్నిసార్లు వస్తోందో లెక్కపెట్టీ తేల్చొచ్చు. వాల్వుల్ని తెరిచే క్యామ్ షాఫ్ట్ క్రాంక్‌లో సగం వేగంతో తిరుగుతుంది. స్లో 800 ఆర్‌పీఎం ఉంటే క్రాంక్ సెకనుకి 13 చుట్లు, క్యామ్ ఆరేడు చుట్లు. వాల్వులు, ఒక్క సిలిండర్‌లో మండటం, ఒక్క ఇంజెక్టర్ లీకు, ఇవన్నీ సెకనుకి ఆరేడుసార్లే వస్తాయి. క్రాంక్ పుల్లీ, ఫ్లైవీల్ లాంటివి 13 సార్లు. చెవితో లెక్కపెట్టడం కష్టమే గానీ ఫోన్‌లో రికార్డు చేసి, శబ్దాన్ని గీతలుగా చూపించే ఏదైనా ఉచిత యాప్‌లో తెరిస్తే తేడా కనిపిస్తుంది. వాట్సాప్ వాయిస్ మెసేజ్ పంపకండి దయచేసి, అది మనిషి గొంతు కోసం తయారైంది, బరువైన శబ్దాల్ని మింగేస్తుంది. కెమెరాతో వీడియో తీసి డాక్యుమెంట్‌గా పంపండి.

మీ ఇంజిన్ సంగతికొస్తే, ఈ 1248 సీసీ డీజిల్ ఫియట్ వాళ్ళు పుట్టించింది. స్విఫ్ట్, డిజైర్, ఎర్టిగా, బ్రెజాల్లో ఉంది, టాటా విస్టాలో ఉంది, ఫియట్ పుంటో, లీనియాల్లో ఉంది. మారుతీ 2020 ఏప్రిల్‌లో బీఎస్6 పొగ నిబంధనలు రాగానే డీజిల్ మానేసింది గానీ సామాన్లకి కొరత లేదు, పని తెలిసినవాళ్ళకీ కొరత లేదు. దీనికి టైమింగ్ బెల్టు కాదు, చైన్. చైన్ సాగినా, దాన్ని బిగించి ఉంచే టెన్షనర్‌కి ఆయిల్ ఆలస్యంగా అందినా పొద్దున్నే స్టార్టింగ్‌లో గలగలమని కొన్ని సెకన్లు మోగుతుంది, చైన్ కవర్ వైపు నుంచి. బెల్టు వైపు నిలబడి వింటే తెలిసిపోతుంది. ఆయిల్ మార్చడం వాయిదా వేసిన బళ్ళలోనే ఇది ఎక్కువ. వాల్వుల దగ్గర కూడా ఆయిల్‌తో పనిచేసే హైడ్రాలిక్ టాపెట్లే, రాత్రంతా ఆగితే ఖాళీ అయి పొద్దున్న కొద్దిసేపు కొట్టుకుని నిండగానే ఊరుకుంటాయి. చవక ఫిల్టర్లలో ఆయిల్ వెనక్కి జారకుండా ఆపే రబ్బరు వాల్వు సరిగ్గా ఉండదు, దాంతో ఇవన్నీ ఇంకా పెరుగుతాయి. ఆయిల్ కూడా చూడండి, మీ బండి పుస్తకంలో ఏ గ్రేడు రాసుంటే అదే. లారీలకి పోసే చిక్కటి ఆయిల్ పోసి శబ్దం తగ్గించి అమ్మేసేవాళ్ళుంటారు, మీది సెకండ్ హ్యాండ్ కాబట్టి ఈసారి ఆయిల్, ఫిల్టర్ మార్చేసి కొత్తగా లెక్క మొదలుపెట్టండి.

ఇంజెక్టరే చెడి, డీజిల్ తప్పుగా చల్లడం వల్ల వచ్చే దెబ్బ కూడా ఉంది, అది గట్టిగా, లోహం మీద లోహం కొట్టినట్టే ఉంటుంది, రాడ్ దెబ్బని తలపిస్తుంది. దీన్ని పట్టుకోవడానికి ఇంజిన్ ఆపి, ఒక ఇంజెక్టర్ కరెంటు కనెక్టర్ పీకి, మళ్ళీ స్టార్ట్ చేసి వినడం, ఇలా ఒక్కోటి. ఏది పీకితే దెబ్బ పోయిందో ఆ సిలిండరే. చెక్ లైటు వెలుగుతుంది, తర్వాత స్కానర్‌తో కోడ్ తుడిచేస్తే సరి. నడుస్తున్న ఇంజిన్ మీద కనెక్టర్ ముట్టుకోకండి, అందులో మామూలు బ్యాటరీ కంటే చాలా ఎక్కువ వోల్టేజి ఉంటుంది. మరీ ముఖ్యంగా, పాత డీజిల్ బళ్ళలో చేసినట్టు ఇంజెక్టర్ పైపు నట్టు లూజు చేసి చూడటం ఈ కామన్ రైల్ ఇంజిన్లలో (అన్ని ఇంజెక్టర్లకీ ఒకే పైపులోంచి డీజిల్ అందేవి) ఎవర్నీ చేయనివ్వద్దు. పైపులో ఒత్తిడి వందల బార్ల నుంచి వెయ్యి బార్ల పైదాకా పోతుంది, ఆ డీజిల్ చుక్క చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది, వేలు తీసేయాల్సిన పరిస్థితి వస్తుంది. స్కానర్ ఉన్నచోటైతే ఒక్కో ఇంజెక్టర్‌కి కంప్యూటర్ ఎంత సర్దుబాటు చేస్తోందో అంకెలు చూపిస్తుంది. నాలుగింటిలో ఒకటి మిగతావాటికి దూరంగా ఉంటే అక్కడ వెతకాలి.

పెట్రోల్ కార్ల వాళ్ళకి ఒక్క మాట. ఎత్తు ఎక్కేటప్పుడు పై గేర్‌లో తొక్కితే కటకటమని, గేర్ తగ్గిస్తే పోయేది పెట్రోల్ ముందే అంటుకోవడం వల్ల వచ్చే నాకింగ్, బేరింగ్ కాదు. గేర్ తగ్గించి నడపండి, అలా నడిపినా వస్తుంటే మసి, ప్లగ్గులు, నాక్ సెన్సార్ చూపించండి.

మీరు బండి విజయవాడలో పోయిన ఏడాది కొన్నానన్నారు, అది నాకు కాస్త గుచ్చుకుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్, పాయకాపురం, రాజరాజేశ్వరిపేట వైపు కార్లు బానెట్ల దాకా, కొన్ని టాపుల దాకా మునిగాయి. వాటిలో కొన్ని తుడిచి, పాలిష్ పెట్టి అమ్మకానికి వచ్చాయి. నీళ్ళలో ఉన్న బండికి ఎవరైనా సెల్ఫ్ కొడితే సిలిండర్లోకి నీళ్ళు పోతాయి, నీరు నలగదు కాబట్టి రాడ్ వంగుతుంది. వంగిన రాడ్‌తో ఇంజిన్ నడుస్తుంది, నెలల తరబడి కూడా నడుస్తుంది, ఆ సిలిండర్‌లో కంప్రెషన్ (గాలిని నొక్కే ఒత్తిడి) తక్కువగా ఉండి, స్లోలో వణుకుతూ, ఏదో ఒక దెబ్బ వినిపిస్తూ. మీది అదే అనడం లేదు. సీటు బెల్టు చివరిదాకా లాగి మరక గీత ఉందేమో, సీటు కింద పట్టాలు తుప్పు పట్టాయేమో, డిక్కీలో స్టెప్నీ గుంట మూలల్లో బంకమట్టి ఉందేమో చూడండి. పాత పాలసీ నంబరు దొరికితే ఆ నెలల్లో క్లెయిమ్ ఉందేమో ఇన్సూరెన్స్ వాళ్ళని అడగండి. వీటిలో ఏదైనా అనుమానంగా ఉంటే నాలుగు సిలిండర్లకీ కంప్రెషన్ టెస్టు చేయించండి, ఒకటి మిగతా మూడింటికంటే బాగా తక్కువ వస్తే అప్పుడు హెడ్ దించే మాట మాట్లాడుకోవచ్చు.

డబ్బా పోయడం గురించి. వాషర్ లీకుకి ఆయిల్‌లో ఏం పోసినా ఉపయోగం లేదు, అక్కడికి ఆయిల్ పోదు. "డీజిల్ అంతే" అన్న ఆయన మాటైతే వాసన సంగతి వినకుండా అన్న మాట.

వాషర్ అని తేలితే పని ఇలా జరగాలి. మసి అంటుకుపోయిన ఇంజెక్టర్ ఊరికే రాదు, ముందు రోజే తుప్పు వదిలించే ద్రవం పోసి నాననిచ్చి, గోరువెచ్చటి ఇంజిన్ మీద పుల్లర్‌తో తీయాలి. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తేవాడి దగ్గర చేయించకండి, ఇంజెక్టర్ విరిగినా హెడ్‌లో బోల్టు మర పోయినా మీ వాషర్ పని కాస్తా లేత్ పని అవుతుంది. తీశాక రంధ్రంలోంచి మసి సిలిండర్లో పడకుండా అడ్డం పెట్టి, కూర్చునే చోటుని దానికోసం ఉన్న కట్టర్‌తో నునుపు చేయాలి, మీ బండి పని బాగుండటం చెడటం ఇక్కడే తేలుతుంది. చాలామంది గుడ్డతో తుడిచి కొత్త వాషర్ వేసేస్తారు, మూడు నెలలకి మళ్ళీ టక్ టక్. ఎలాగూ ఒకటి లీకైంది కాబట్టి నాలుగింటికీ కొత్త వాషర్లు వేయించండి, వాషర్ ధర ఎంతో ఉండదు, పోయేది కూలీయే. క్లాంపు బోల్టు కొత్తది వేసి టార్క్ రెంచితో బిగించాలి, చేతి అంచనాతో కాదు. ఏ ఇంజెక్టర్ ఏ సిలిండర్‌దో గుర్తు పెట్టి అక్కడే తిరిగి పెట్టాలి, తారుమారు అయితే కంప్యూటర్‌లో వాటి కోడ్‌లు మళ్ళీ ఎక్కించాల్సి వస్తుంది. మొత్తం ఖర్చు ఇంజెక్టర్ ఎంత మొండికేసిందన్న దాని మీద ఉంటుంది, కానీ వాళ్ళు చెప్పిన 65,000కి దరిదాపుల్లో కూడా పోదు. దీనికోసం విజయవాడ రానక్కర్లేదు, గుంటూరులో కామన్ రైల్ ఇంజెక్టర్ పని చేసే డీజిల్ షాపుకి వెళ్ళండి, కట్టర్, పుల్లర్ ఉన్నాయా అని ముందు ఫోన్లో అడగండి. తడుముకుంటే ఇంకోచోటు చూసుకోండి.

శ్రీశైలం మాట. ఇప్పుడున్న స్థితిలో వద్దు. ఇంజిన్ దారిలో ఆగిపోతుందని కాదు, బహుశా ఆగదు. దోర్నాల దాటాక ఘాట్‌లో నిండు బండి రెండో గేర్‌లో ఎక్కుతుంటే ఇంజిన్ మీద లోడు పెరుగుతుంది, లీకు పెరుగుతుంది, బండి వేగం తక్కువ, కార్తీకం రద్దీలో ఆగి ఆగి వెళ్తారు, పొగంతా లోపలికే. పిల్లలూ పెద్దవాళ్ళూ గంటల తరబడి ఆ పొగ పీల్చాలి, తలనొప్పి, వాంతులు వస్తే ఘాట్ రోడ్డు వల్లేలే అనుకుంటారు. పని చేయించేదాకా ఊళ్ళో తిరిగినా ఏసీని లోపలి గాలే తిరిగేలా పెట్టుకుని, వాసన రాగానే అద్దాలు దించండి. నేను చెప్పినదానికి తలకిందులుగా, అంటే వేడెక్కాక పెరిగే బరువైన దెబ్బ కిందనుంచి మొదలైనా, ఎర్ర ఆయిల్ లైటు ఒక్క క్షణం వెలిగినా అక్కడే ఆపి బండి ఎక్కించి తీసుకెళ్ళే వాహనం పిలవండి, గ్యారేజీ దాకా నడిపిద్దాంలే అనుకోకండి.

పని అయ్యాక మర్నాడు పొద్దున్న చల్లటి బండి మీద మీరే ఉండి సెల్ఫ్ కొట్టించండి, శబ్దం చల్లమీదే కదా వచ్చేది, సాయంత్రం వేడి బండి చూపించి తాళాలిస్తే తీసుకోవద్దు. వారం పది రోజులు తిరిగాక మళ్ళీ మూతలు తీయించి ఇంజెక్టర్ల మొదట్లో నాలుగు చుక్కలు ఆయిల్ వేసి చూడండి. బుడగలు లేకపోతే ఆ మూతలు బిగించేసి శ్రీశైలం ప్రయాణం సంగతి చూసుకోండి. బుడగలు వస్తే ఏ ఇంజెక్టర్ దగ్గరో వీడియో తీసి పెట్టండి, చూసి చెప్తాను.